జెనోసైడ్, హోలోకాస్ట్, మెగాడెత్: సామూహిక మరణాల మాటలను తెలుగులో రాయడం ఎలా

ఇంగ్లిష్ వార్తలో జెనోసైడ్ అని ఉంటే మారణహోమం. హోలోకాస్ట్ అని ఉంటే మారణహోమం. మాసకర్ అని ఉన్నా మారణహోమమే. యుద్ధాల గురించి, సామూహిక హత్యల గురించి తెలుగులో రాసేటప్పుడు చెయ్యి అలవాటుగా ఈ ఒక్క మాట మీదికే పోతుంది. మర్నాడు లారీ ఢీకొని ఎనిమిది మంది చనిపోతే అదే చెయ్యి ‘రహదారిపై మారణహోమం’ అని శీర్షిక పెడుతుంది.

నిజానికి ఆ మూడింటికీ మూడు అర్థాలు. మొదటిది న్యాయశాస్త్ర అవసరం కోసం 1944లో తయారైన మాట. రెండోది బలిపీఠం దగ్గర పుట్టి, చివరికి ఒక చారిత్రక ఘోరానికి పేరుగా స్థిరపడిన మాట. మూడోది ఎవరిని, ఎందుకు అన్న జోలికి పోకుండా చాలామందిని చంపారని మాత్రమే చెప్పే మాట. అనువాదకులు, సబ్‌ఎడిటర్లు, చరిత్ర పాఠాలు చెప్పేవాళ్లు, తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాసేవాళ్లు ఈ తేడాలు పోకుండా ఎలా రాయాలో, ఎక్కడ జారిపడతారో కింద వివరంగా ఉంది.

మాట కన్నా ముందు సంగతి

మాట ఎంచుకునే ముందు నాలుగు జవాబులు కాగితం మీద పెట్టుకోండి. చంపింది ఎవరు: సైన్యమా, ప్రభుత్వమా, సాయుధ ముఠాలా, పొరుగువాళ్లా? చనిపోయినవాళ్లను ఏ గుర్తు చూసి ఏరారు: మతమా, జాతా, రాజకీయమా, లేక ఏ గుర్తూ లేకుండా ఆ ఊళ్లో ఉన్నందుకేనా? ఆ సమూహాన్నే లేకుండా చేయాలన్న ఉద్దేశం ఎక్కడైనా రుజువైందా? ఈ ఘటనకు ఆ పేరు ఎవరు పెట్టారు: కోర్టు తీర్పా, ఒక దేశ పార్లమెంటా, బతికి బయటపడ్డవాళ్లా, ప్రతిపక్ష నాయకుడా?

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ‘జాతి హననం (జెనోసైడ్) జరిగింది’ అనడానికీ, ‘జాతి హననం జరిగిందని ఫలానా దేశం ఆరోపించింది’ అనడానికీ మధ్య ఒక కోర్టు, ఏళ్ల తరబడి విచారణ ఉన్నాయి. తెలుగు వాక్యంలో కర్త చివరకు జారి, శీర్షిక కుదింపులో పూర్తిగా మాయమైపోవడం మామూలే. అందుకని శీర్షిక పెట్టాక మళ్లీ ఒకసారి ఈ నాలుగో జవాబుతో పోల్చి చూడండి.

జెనోసైడ్: పుట్టిన తేదీ తెలిసిన మాట

1941 ఆగస్టు 24న చర్చిల్ రేడియో ప్రసంగంలో, సోవియట్ నేల మీద జర్మన్ బలగాలు చేస్తున్న హత్యల గురించి చెబుతూ, పేరు లేని నేరం ఎదుట మనం ఉన్నామన్న అర్థంలో మాట్లాడాడు. ఆ పేరు పెట్టినవాడు రఫాయెల్ లెమ్కిన్. 1900లో, ఇప్పటి బెలారస్‌లో ఉన్న పల్లెలో పుట్టిన పోలిష్ యూదు న్యాయవాది. 1933లోనే మాడ్రిడ్‌లో జరిగిన న్యాయశాస్త్ర సదస్సుకు ఒక ప్రతిపాదన పంపాడు. సమూహాలను నాశనం చేయడాన్ని ‘బార్బారిటీ’ అనీ, వాళ్ల సంస్కృతిని నాశనం చేయడాన్ని ‘వాండలిజం’ అనీ పేర్లు పెట్టి, రెండింటినీ అంతర్జాతీయ నేరాలుగా గుర్తించమన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1939లో పోలండ్ నుంచి తప్పించుకుని, స్వీడన్ మీదుగా 1941లో అమెరికా చేరాడు. 1944లో అచ్చయిన ‘ఆక్సిస్ రూల్ ఇన్ ఆక్యుపైడ్ యూరప్’ తొమ్మిదో అధ్యాయంలో కొత్త మాట పెట్టాడు: గ్రీకు ‘గెనోస్’, లాటిన్ ‘సైడ్’ కలిపి జెనోసైడ్.

లాటిన్ ముక్క మనకు రోజూ తగిలేదే. పెస్టిసైడ్, సూయిసైడ్, హోమిసైడ్‌లలో ఉన్నది అదే. నరకడం, చంపడం అన్న క్రియ నుంచి వచ్చింది. గ్రీకు ముక్క ఇంకా దగ్గరి చుట్టం. గెనోస్, సంస్కృత ‘జనస్’ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. పుట్టుట అనే అర్థమున్న ‘జన్’ ధాతువు నుంచే మన ‘జాతి’ కూడా వచ్చింది. అంటే జెనోసైడ్‌లో మొదటి సగానికి జాతి అన్నది పైపై అర్థం చూసి తెచ్చిపెట్టిన మాట కాదు, వేరు దగ్గరే కలిసే మాట.

ఆ తర్వాతి తేదీలు రాసేటప్పుడు తరచూ కలగాపులగం అవుతాయి. 1945 అక్టోబరు నాటి న్యూరెంబర్గ్ అభియోగ పత్రంలో జెనోసైడ్ అన్న మాట ఉంది, 1946 తీర్పులో లేదు. నాజీ నాయకులకు ‘జెనోసైడ్ నేరం కింద శిక్ష పడింది’ అని రాస్తే తప్పు. వాళ్లపై రుజువైనవి శాంతికి వ్యతిరేకంగా నేరాలు, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు. 1946 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం జెనోసైడ్‌ను అంతర్జాతీయ నేరంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాలు క్యూబా, పనామా, ఇండియా. మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించని సంగతి ఇది, రాసే అవకాశం వస్తే రాయండి. జెనోసైడ్ ఒప్పందం పారిస్‌లో 1948 డిసెంబరు 9న ఆమోదం పొంది, 1951 జనవరి 12న అమల్లోకి వచ్చింది. ఇండియా 1949 నవంబరులో సంతకం చేసి, 1959 ఆగస్టు 27న ధ్రువీకరించింది. ఆ మర్నాడే, ఆగస్టు 28న, లెమ్కిన్ న్యూయార్క్‌లో చనిపోయాడు.

సంతకం, ఆమోదం, ధ్రువీకరణ, అమలు వేర్వేరు దశలు. నాలుగింటికీ ‘ఒప్పందం కుదిరింది’ అని రాసేస్తే పాఠకుడికి ఏ తేదీ దేనిదో తెలియదు.

అయిదు పనులు, నాలుగు సమూహాలు, ఒక ఉద్దేశం

ఒప్పందంలోని రెండో అధికరణం చిన్నది. దాన్ని పక్కన పెట్టుకోకుండా జెనోసైడ్ గురించి రాయకండి. జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాల్లో ఏదో ఒకదాన్ని, ఆ సమూహంగానే, పూర్తిగా గానీ కొంత భాగం గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే అయిదు పనులను అది జెనోసైడ్ అంటుంది: సమూహంలోని వాళ్లను చంపడం, శరీరానికో మనసుకో తీవ్రమైన హాని చేయడం, బతకడానికి వీల్లేని పరిస్థితులను కావాలని కల్పించడం, ఆ సమూహంలో పిల్లలు పుట్టకుండా చర్యలు తీసుకోవడం, పిల్లలను బలవంతంగా మరో సమూహానికి తరలించడం.

అంటే ఒక్క ప్రాణం పోకుండా కూడా జెనోసైడ్ జరగవచ్చు. అలాగే లక్షల మంది చనిపోయినా జెనోసైడ్ కాకపోవచ్చు. అది యుద్ధంలోనే జరగాలని కూడా లేదు, శాంతి కాలంలోనూ నేరమేనని మొదటి అధికరణమే చెబుతుంది. రాజకీయ సమూహాలు ఆ నాలుగింటిలో లేవు. కంబోడియా దీనికి మంచి ఉదాహరణ. 1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ పాలనలో 17 లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారన్నది విస్తృతంగా ఆమోదించిన అంచనా. అయితే 2018 నవంబరులో అక్కడి ప్రత్యేక కోర్టు జెనోసైడ్ అన్నది వియత్నామీయులపై, చామ్ ముస్లింలపై జరిగిన నేరాలను మాత్రమే. చనిపోయినవాళ్లలో అత్యధికులైన ఖ్మేర్ ప్రజలపై జరిగినవి మానవాళిపై నేరాలయ్యాయి. ఈ తేడా వాళ్ల చావును చిన్నది చేయదు. జెనోసైడ్ అన్నది ఘోరానికి కొలబద్ద కాదు, ఒక రకం నేరానికి పేరు. ‘జెనోసైడ్ స్థాయికి చేరిన హింస’ అన్న వాక్యం తెలుగులో తరచూ కనబడుతుంది, అది ఈ అపోహ నుంచే పుట్టింది.

‘ఆ సమూహంగానే’ అన్న ముక్క విద్యార్థులకు చెప్పడం కష్టం. తెలుగువాళ్లకు చెప్పడానికి చేతిలో ఉన్న కథ ఒకటుంది: ఆదిపర్వంలోని సర్పయాగం. పరీక్షిత్తును చంపింది తక్షకుడు ఒక్కడే. జనమేజయుడు యాగం పెట్టింది సర్పజాతి మొత్తానికి. ఏ పాపమూ ఎరగని పాములు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అగ్నిలో పడ్డాయి. వాటి తప్పల్లా పాములై పుట్టడమే. ఆస్తీకుడు వచ్చి ఆపించే దాకా అది సాగింది. చట్టం అడిగే ఉద్దేశం ఏమిటో ఈ ఒక్క కథతో అర్థమవుతుంది.

తెలుగులో రెండో సగం ఏది పెట్టాలి

మొదటి సగం ‘జాతి’ అనుకున్నాం. దాంతో ఒక ఇబ్బంది ఉంది. జాతిపితలో జాతి దేశం. గిరిజన జాతిలో తెగ. పక్షిజాతిలో ప్రాణిరకం. కొన్నిచోట్ల కులం కూడా. ఒప్పందంలోని మత సమూహం దీనిలోకి తేలిగ్గా ఇమడదు. అందుకే మాట మొదటిసారి వచ్చినప్పుడు సమూహం పేరు విడిగా చెప్పాలి: ‘స్రెబ్రెనిత్సాలో బోస్నియా ముస్లింలపై జరిగిన జాతి హననం’. సమూహం పేరు లేకుండా ‘జాతి హననం’ ఒంటరిగా నిలబడదు.

రెండో సగానికి వాడుకలో నాలుగు ఉన్నాయి. నిర్మూలన ఎక్కువగా కనిపిస్తుంది. మూలంతో సహా పెకలించడం అన్న అర్థం జెనోసైడ్‌కు సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ మన వాడుకలో నిర్మూలన మంచి పని. పోలియో నిర్మూలన, పేదరిక నిర్మూలన, కుల నిర్మూలన. ప్రభుత్వ పథకాల పేర్లలో వినే మాట. ‘జాతి నిర్మూలన’ అన్నప్పుడు చంపేవాడి నోటి మాట వినిపిస్తుంది, ఎందుకంటే అతనికి అది పథకమే. సంహారం, వధ ఇంకా పనికిరావు. మహిషాసుర సంహారం, నరకాసుర వధ అని విని పెరిగిన చెవికి సంహారమైనవాడు రాక్షసుడే. బాధితుల మీద తెలియకుండా తీర్పు పడిపోతుంది. విధ్వంసం ఇళ్లకు, గుళ్లకు, వంతెనలకు చెల్లుతుంది, మనుషులకు కాదు.

మిగిలింది హననం. ‘వ్యక్తిత్వ హననం’ అన్న వాడుక వల్ల దాని పదును కొంత పోయిన మాట నిజమే. అయినా అందులో పథకం వాసన లేదు, రాక్షసుడు లేడు. ఆత్మహత్య, శిశుహత్యల్లోని హత్యకూ దీనికీ ఒకే ధాతువు, కాబట్టి సూయిసైడ్, ఇన్ఫాంటిసైడ్‌ల పక్కన జెనోసైడ్ నిలబడినట్టే వాటి పక్కన జాతి హననం నిలబడుతుంది. చట్టపరమైన అర్థంలో జాతి హననం అనే రాయమని మా సలహా. మొదటిసారి ‘జాతి హననం, అంటే జెనోసైడ్’ అని రాసి, తర్వాత ఒక్క రూపానికే కట్టుబడండి. ఒకే వ్యాసంలో మూడు పర్యాయపదాలు వాడితే పాఠకుడు మూడు నేరాలనుకుంటాడు. వైవిధ్యం కోసం మాట మార్చే అలవాటు కథల్లో అందం కావచ్చు, ఇక్కడ మాత్రం తప్పుకు దారి.

రెండు అగ్నులు: హోలోకాస్ట్, మారణహోమం

గ్రీకులో ‘హోలోస్’ అంటే మొత్తం, ‘కౌస్తోస్’ అంటే కాలినది. హీబ్రూ బైబిల్‌లో ‘ఓలా’ అనే బలి ఉంది. జంతువులో ఏ భాగమూ తినడానికి మిగల్చకుండా పూర్తిగా దహించి దేవుడికి అర్పించేది. బైబిల్‌ను గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఓలాను ‘హోలోకౌస్తోన్’ అన్నారు. అక్కడి నుంచి లాటిన్‌కు, తర్వాత ఇంగ్లిష్‌కు వచ్చింది. మనుషుల ఊచకోతకు ఆ మాట వాడటం కొత్తేం కాదు. 1189లో లండన్‌లో రిచర్డ్ రాజు పట్టాభిషేకం రోజున యూదులను చంపినప్పుడు, రిచర్డ్ ఆఫ్ డివైజెస్ అనే సన్యాసి తన చరిత్రలో దాన్ని హోలోకాస్టుమ్ అన్నాడు, అదీ ఎగతాళిగా. నాజీ జర్మనీ, దాని మిత్రపక్షాలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపిన ఘటనకు అది పేరుగా స్థిరపడింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు. 1978లో అమెరికా టీవీలో వచ్చిన ధారావాహికతో ఇల్లిల్లూ చేరింది.

యూదుల్లో చాలామందికి ఈ పేరు ఇష్టం లేదు, కారణం దాని పుట్టుకే. బలి అంటే అర్పించేవాడు ఉండాలి, అందుకునే దేవుడు ఉండాలి. నాజీల మరణ శిబిరం ఔష్విట్స్‌లో అర్పణ ఏముంది? అందుకే హీబ్రూలో షోవా అంటారు: మహా విపత్తు, వినాశం. 1951లో ఇజ్రాయెల్ పార్లమెంటు నిర్ణయించిన స్మారక దినం పేరులో ఉన్నదీ షోవాయే. యిడ్డిష్ మాట్లాడేవాళ్లు ‘ఖుర్బన్’ అన్నారు, జెరూసలేం ఆలయ విధ్వంసానికి వాడే మాట అది.

ఇప్పుడు మారణహోమం చూడండి. తంత్రశాస్త్రాలు చెప్పే ఆరు క్రియల్లో, అంటే శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషం, ఉచ్చాటనం, మారణంలో చివరిది శత్రువును చంపడానికి చేసే ప్రయోగం. ఆ ప్రయోగం కోసం వేల్చేది మారణహోమం. హోమం, ఆహుతి రెండూ అగ్నిలో వేయడం అన్న ‘హు’ ధాతువు నుంచి వచ్చినవే. నరమేధంలోని మేధం కూడా అశ్వమేధంలో ఉన్న యాగమే. హోలోకాస్ట్‌పై యూదులు చెప్పిన అభ్యంతరం మన మాటలకూ అక్షరాలా వర్తిస్తుంది: చచ్చినవాళ్లు సమిధలైపోతారు, చంపినవాడు యాగం చేయించే యజమాని స్థానంలో కూర్చుంటాడు.

ఇంత వ్యాప్తిలో ఉన్న మాటను నిషేధించడం కుదరదు, అక్కర్లేదు కూడా. అయితే పేరుగా వాడకండి. నాజీ ఘటన పేరు హోలోకాస్ట్, తెలుగు లిపిలో అలాగే రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు ‘1941 నుంచి 1945 వరకు నాజీలు యూదుల్ని సామూహికంగా చంపిన హోలోకాస్ట్’ అని వివరించండి. యూదుల మాటల్ని ఉటంకిస్తుంటే, వాళ్లు షోవా అంటే షోవా అనే ఉంచండి. మారణహోమం, నరమేధం వర్ణనకు, ఆవేదన చెప్పే వ్యాఖ్యకు సరిపోతాయి. తేదీలు, సంఖ్యలు, నేరాభియోగాలు ఉన్న వాక్యంలోకి రానివ్వకండి. ప్రమాదాలకు అసలే వద్దు. లారీ ఎవరినీ వేల్చలేదు.

రోమా ప్రజల్ని కూడా నాజీలు అలాగే చంపారు. వాళ్లు ‘పొరాయ్‌మోస్’ అనీ, ‘సముదారిపెన్’ అనీ పిలుచుకుంటారు. మొదటిది మింగేయడం, రెండోది అందరినీ చంపడం. వాళ్ల భాష రోమానీ మూలం మన దేశానిదే. తెలుగు వ్యాసాల్లో వాళ్లను ‘జిప్సీలు’ అని రాసి వదిలేయడం కనిపిస్తుంది, అది బయటివాళ్లు పెట్టిన పేరు. రోమాలు అని రాయండి.

మిగిలిన మాటలు

ఊచకోత మంచి మాట. కోత పొలానిది: నిలబడి ఉన్న పైరును వరసపెట్టి కొడవలికి ఇవ్వడం. దీనిలో దేవుడు లేడు, యాగం లేదు, కొడవలి పట్టిన చెయ్యి మాత్రం కనిపిస్తుంది. మాసకర్‌కు ఇదే సరి. జలియన్‌వాలాబాగ్ (1919 ఏప్రిల్ 13), బైరాన్‌పల్లి (1948 ఆగస్టు 27), చుండూరు (1991 ఆగస్టు 6) అన్నీ ఊచకోతలే. చుండూరులో చనిపోయింది ఎనిమిది మంది దళితులు. సంఖ్య తక్కువని మాట తగ్గించనక్కర్లేదు, ఎందుకంటే ఊచకోత చెప్పేది పద్ధతిని. పాఠ్యపుస్తకాల్లో జలియన్‌వాలాబాగ్‌కు వాడే ‘దురంతం’ మాత్రం చేసినవాడిని దాచేస్తుంది. తుపానూ దురంతమే, తూటా కూడా దురంతమే అయిపోతుంది.

ఎత్నిక్ క్లెన్సింగ్ అన్నది 1990లలో యుగోస్లావియా యుద్ధాల వేళ సెర్బో-క్రొయేషియన్ నుంచి అనువాదమై వచ్చింది. ఒక ప్రాంతం నుంచి ఒక సమూహాన్ని చంపి, బెదిరించి వెళ్లగొట్టడం. అంతర్జాతీయ చట్టంలో ఈ పేరుతో విడిగా నేరం లేదు. ‘జాతి ప్రక్షాళన’ అని అనువదిస్తున్నాం, అదీ మురికి కడిగినట్టు వినిపిస్తుంది. కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కనే ‘అంటే బలవంతంగా వెళ్లగొట్టడం’ అని చేర్చండి.

డెత్ మార్చ్‌ను ‘మరణ పాదయాత్ర’ అనకండి. పాదయాత్ర మనసుపడి చేసేది, తెలుగు నేల మీద ఓట్ల కోసం కూడా చేసేది. కాపలావాళ్లు తుపాకీ చూపించి, ఆగినవాళ్లను కాల్చేస్తూ నడిపించినదాన్ని ‘చావు నడక’ అనండి. 1942లో జపాన్ సైన్యం వస్తోందని రంగూన్ నుంచి వేలాది తెలుగు కుటుంబాలు మిగతా భారతీయులతో పాటు కొండలూ అడవులూ దాటి కాలినడకన బయలుదేరి, దారిలో వ్యాధులకు, ఆకలికి లెక్కలేనంతమంది చనిపోయారు. అది కూడా మహా ఘోరమే, కానీ చావు నడక కాదు. వాళ్లను నడిపించిన కాపలా లేదు, వాళ్లు ప్రాణభయంతో పారిపోయి వస్తున్నారు.

అంకెలు: మెగాడెత్ నుంచి నేర్చుకోవలసింది

1953 ప్రాంతంలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో అణుయుద్ధ వ్యూహకర్త హెర్మన్ కాన్ ఒక కొలమానం వాడాడు: మెగాడెత్, అంటే పది లక్షల మరణాలు. మెగాటన్‌కు జోడీగా పుట్టింది. ఒక పథకంలో నూరు మెగాడెత్‌లు అంటే 10 కోట్ల మంది చస్తారని. తర్వాత ఒక హెవీ మెటల్ బృందం ఒక అక్షరం తీసేసి పేరుగా పెట్టుకోవడంతో మాట పుట్టుక చాలామందికి తెలియకుండా పోయింది. తెలుగులో ‘మహామరణం’ అని తర్జుమా చేస్తే అసలు సంగతి జారిపోతుంది. ఇది వర్ణన కాదు, కిలో, మీటరు లాంటి కొలత. ‘మెగాడెత్ (పది లక్షల మరణాలకు ఒక యూనిట్)’ అని రాయండి.

మిలియన్‌లను లక్షల్లోకి మార్చేటప్పుడు జరిగే తప్పులు మామూలువి కావు. 6 మిలియన్ అంటే 60 లక్షలు. ‘6 లక్షలు’ అని అచ్చయితే హోలోకాస్ట్‌లో ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది లెక్కలోంచి మాయమైనట్టే. హోలోకాస్ట్‌ను కాదనేవాళ్లు ఉన్న లోకంలో ఇది అచ్చుతప్పు అని సరిపెట్టుకోగలిగింది కాదు. మిలియన్‌ను పదితో గుణిస్తే లక్షలు. 1.1 మిలియన్ (ఔష్విట్స్ మృతుల అంచనా) 11 లక్షలు. బిలియన్ 100 కోట్లు. మార్చాక వెనక్కి మార్చి చూసుకోండి.

కాజువల్టీస్ అంటే మృతులు కాదు. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, సైనిక లెక్కల్లోనైతే గల్లంతైనవాళ్లు, బందీలైనవాళ్లు కూడా కలిసిన సంఖ్య. 5,000 కాజువల్టీస్‌ను ‘5,000 మంది మృతి’ అని రాయడం యుద్ధ వార్తల్లో తరచూ కనిపించే పొరపాటు. విడివిడి లెక్క లేకపోతే ‘మృతులు, క్షతగాత్రులు కలిపి 5,000’ అనండి. డెసిమేట్ పుట్టుక రోమన్ సైన్యంలో ప్రతి పదిమందికి ఒకణ్ని చంపే శిక్ష. ఇప్పుడు ఇంగ్లిష్‌లో భారీగా నాశనం చేయడం. ‘పూర్తిగా తుడిచిపెట్టారు’ అని రాస్తే రెండు అర్థాలకూ దూరం.

స్థానికులు పెట్టుకున్న పేర్లు

ఆర్మేనియన్లు 1915 ఘోరాన్ని ‘మెద్స్ యెఘెర్న్’ అంటారు, మహా నేరం అని. ఉక్రెయిన్‌వాళ్లు 1932-33 కరువును ‘హొలొదొమోర్’ అంటారు, ఆకలితో చంపడం అని. దీని మొదట్లో ఉన్న ‘హొలొద్’ ఆకలి. హోలోకాస్ట్‌లోని హోలోకూ దీనికీ సంబంధం లేదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి తయారుచేశారని రాయకండి.

1943 బెంగాల్ కరువు యుద్ధకాలపు చావే. దాదాపు 30 లక్షల మంది చనిపోయారన్నది ఎక్కువగా చెప్పే అంచనా. బెంగాలీలో దాని పేరు ‘పంచాశేర్ మన్వంతర్’. దీన్ని తెలుగులో ‘యాభై మన్వంతరాలు’ అని రాస్తే పాఠకుడు మనువుల యుగాల్లోకి వెళ్లిపోతాడు. బెంగాలీలో మన్వంతర్ అంటే మహా కరువు, పంచాశ్ అంటే బంగ్లా సంవత్సరం 1350లోని యాభై. ‘యాభయ్యో ఏటి కరువు’ అంటే సరిపోతుంది. మనమూ అలాగే పిలుచుకున్నాం: గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన 1832-33 కరువు నందన కరువు, 1876-77ది ధాత కరువు.

పేర్ల ఉచ్చారణ విషయంలో: స్రెబ్రెనికా కాదు, స్రెబ్రెనిత్సా. అక్కడి లిపిలో ఆ అక్షరం ‘త్స’. ఆష్విట్జ్ అని పత్రికల్లో పాతుకుపోయింది, జర్మన్ ఉచ్చారణకు దగ్గరిది ఔష్విట్స్. రెండిట్లో ఏది ఎంచుకున్నా చివరిదాకా అదే రాయండి.

కోర్టు వార్త రాస్తుంటే

ద హేగ్‌లో రెండు కోర్టులున్నాయి. అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగాదాలు వింటుంది, ఎవరినీ జైలుకు పంపదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మనుషులను విచారిస్తుంది. అది 2002 జులై 1 నుంచి పనిచేస్తోంది, ఇండియా అందులో సభ్యదేశం కాదు. అరెస్ట్ వారంట్ వార్తలో మొదటి కోర్టు పేరు పడిందంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

మధ్యంతర ఆదేశం తీర్పు కాదు. గాంబియా మయన్మార్‌పై (2019), దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్‌పై (2023) వేసిన కేసుల్లో న్యాయస్థానం తాత్కాలిక ఆదేశాలిచ్చింది. అవి జెనోసైడ్ జరిగిందని తేల్చినవి కావు, జరగలేదని తేల్చినవీ కావు. తేల్చిన తీర్పుకు ఉదాహరణ 2007 ఫిబ్రవరి 26ది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో దాదాపు 8,000 మంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపడం జాతి హననమని న్యాయస్థానం చెప్పింది. అదే తీర్పు, ఆ పని చేసింది సెర్బియా ప్రభుత్వం కాదనీ, ఆపే బాధ్యత మాత్రం అది నెరవేర్చలేదనీ చెప్పింది. ‘సెర్బియా దోషి’ అన్న శీర్షికలో ఇది ఇమడదు.

మన భారతీయ న్యాయ సంహితలో జాతి హననం పేరుతో విడి నేరం లేదు. ఇక్కడి కేసుల్లో అభియోగం హత్య, కుట్ర, అల్లర్లు వంటి సెక్షన్ల కింద ఉంటుంది. ఒక నాయకుడు సభలో జెనోసైడ్ అన్నాడని చార్జిషీటులోనూ అదే ఉన్నట్టు రాయకూడదు.

ఒక వాక్యాన్ని సరిచేసి చూద్దాం

‘రువాండా మారణహోమంలో 8 లక్షల మంది బలయ్యారు.’

పొట్టిగా, సాఫీగా ఉంది, కానీ మనం మొదట రాసుకున్న నాలుగు జవాబుల్లో ఒక్కటీ లేదు. మారణహోమం, బలి రెండూ యాగం మాటలే. రువాండా అంటే చచ్చిందీ చంపిందీ ఎవరో తెలియదు. ఐక్యరాజ్యసమితి 2018లో స్మారక దినం పేరును మార్చి, టుట్సీలపై జరిగిన జెనోసైడ్ అని స్పష్టంగా పెట్టింది. 8 లక్షలు ఒక అంచనా, రువాండా ప్రభుత్వం 10 లక్షలకు పైగా అంటుంది. చంపినవాళ్ల సమూహానికే చెందినా హత్యల్ని వ్యతిరేకించిన హుటూలు కూడా చనిపోయారు. పేరు పెట్టింది పత్రికలు మాత్రమే కాదు: 1998 సెప్టెంబరు 2న రువాండా అంతర్జాతీయ ట్రిబ్యునల్ తాబా కమ్యూన్ మేయర్‌గా పనిచేసిన జాన్-పాల్ అకయేసును దోషిగా తేల్చింది. 1948 ఒప్పందం తర్వాత జెనోసైడ్ నేరంపై ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి ఇచ్చిన మొదటి తీర్పు అది. అత్యాచారం కూడా జాతి హననంలో భాగం కాగలదని చెప్పిందీ ఆ తీర్పే.

సరిచేశాక: ‘1994 ఏప్రిల్ 7 నుంచి దాదాపు నూరు రోజుల్లో రువాండాలో హుటూ తీవ్రవాద ప్రభుత్వం, సైన్యం, మిలీషియాలు టుట్సీలపై జాతి హననం సాగించాయి. 8 లక్షల నుంచి 10 లక్షలకు పైగా మనుషుల్ని చంపినట్టు అంచనా. హత్యల్ని వ్యతిరేకించిన హుటూలనూ వదల్లేదు.’

ఒక వాక్యం మూడయింది. చోటు లేకపోతే మూడోది తీసేయండి, తర్వాత తేదీ తీసేయండి. ‘టుట్సీలపై’ మాత్రం తీయకండి.